కట్టు విప్పే చేతులు

షుగరు పుండుకి కట్టు కట్టడంలో కన్నా విప్పడంలోనే పనితనం తెలుస్తుంది. ఎండి అతుక్కున్న గాజుగుడ్డను సిస్టర్ చర్రున లాగదు. సెలైన్ పోసి, నానేదాకా ఆగుతుంది. నరాలు మొద్దుబారిన కాలు, పీకినా రోగి అబ్బా అనకపోవచ్చు. కానీ కొత్తగా పుట్టిన ఎర్రటి కండ ఊడొస్తుంది మరి.

పుండు మానాలంటే ఎండాలని మన పాత నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూస్తే, పాలిథీన్ పొర కప్పి తడి నిలిపిన గాయాలే త్వరగా మూసుకున్నాయి. అందుకే రసి బాగా కారితే సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్, పొడిగా ఉంటే జెల్. చుట్టూ ఉన్న చర్మం మాత్రం నానకూడదు. ఈ తూకమే అసలు విద్య.

వేళ్ల సందులు తుడిచి, బిగించకుండా చుట్టి, “ఆ కాలు మీద బరువు మోపకండి బాబాయ్” అంటుంది. బాబాయ్ తలూపుతాడు, చెప్పుల కోసం వెతుక్కుంటూ.