పాస్‌బుక్కులో లేని ఎనిమిది అక్షరాలు

కాకినాడలో ఏ బ్యాంకు పాస్‌బుక్కు తెరిచినా మొదటి పేజీలో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కనిపిస్తాయి. విదేశం నుంచి డబ్బు రావడానికి కావలసిన స్విఫ్ట్ కోడ్ మాత్రం చాలావాటిలో ఉండదు. కోనసీమ నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ ఇంతమంది వెళ్లారు, ఇక్కణ్నుంచి రొయ్యలు దేశదేశాలకూ వెళ్తున్నాయి. ఈ ప్రాంతపు పాస్‌బుక్కుల్లో ఆ కోడ్ ఉండి తీరాలి.

మా వీధివాళ్లు బ్యాంకు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. మొన్న పక్కింటి అమ్మాయి వచ్చింది. "బాబాయ్ గారూ, డాలస్ నుంచి అన్నయ్య స్విఫ్ట్ కోడ్ అడుగుతున్నాడండి. పాస్‌బుక్కులో ఉన్నది పంపితే తీసుకోవట్లేదంట." పంపింది ఐఎఫ్ఎస్‌సీ. అది మన దేశం లోపల బ్రాంచిని గుర్తుపట్టడానికే. మొదటి నాలుగక్షరాలు బ్యాంకువి, ఐదోది సున్నా, మిగతా ఆరూ బ్రాంచివి. ఆ సున్నాని ఇంగ్లిషు 'ఓ' అనుకుని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

స్విఫ్ట్ కోడ్ లెక్క వేరు. యూనియన్ బ్యాంకుది చూడండి: యు-బి-ఐ-ఎన్-ఐ-ఎన్-బి-బి. ముందు నాలుగూ బ్యాంకు, తర్వాతి రెండూ ఇండియా, చివరి రెండూ ముంబై. ఫలానా బ్రాంచికే అయితే ఇంకో మూడు చేరి పదకొండవుతాయి. మన బ్రాంచీల్లో చాలావాటికి సొంత కోడ్ లేదు. డబ్బు ముందు పెద్దాఫీసుకి చేరి, ఖాతా నంబరును బట్టి ఇక్కడ జమవుతుంది. కాబట్టి ముంబై కోడ్ చూసి కంగారు పడక్కర్లేదు.

1973లో 15 దేశాల 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో స్విఫ్ట్ అనే సంస్థను పెట్టుకున్నాయి. అది మోసేది సందేశాన్నే, డబ్బుని కాదు. బ్యాంకులకు ఒకదాని దగ్గర ఒకదానికి ఖాతాలుంటాయి, తీసివేతలూ కూడికలూ వాటిలోనే. నేరుగా ఖాతా లేకపోతే మధ్యలో మరో బ్యాంకు వస్తుంది, దాని ఛార్జీ అది కోసుకుంటుంది. పంపిన దానికీ అందిన దానికీ తేడా వచ్చిందని అన్నదమ్ములు అనుమానాలు పెంచుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఛార్జీలు ఎవరు భరించాలో పంపేటప్పుడే ఎంచుకోవచ్చని వాళ్లకెవరూ చెప్పలేదు.

గల్ఫ్ ఎక్స్ఛేంజ్ కౌంటర్లు ఎక్కువగా ఐఎఫ్ఎస్‌సీనే అడుగుతాయి. అక్కడ మరో చిక్కొచ్చింది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ మరుసటి ఏడాది ఎ-ఎన్-డి-బి కోడ్‌లు చెల్లకుండా పోయాయి. కౌంటర్లో ఎప్పుడో రాయించిన కోడ్‌తోనే నెలనెలా పంపే మనిషికి ఈ కబురు ఇంటివాళ్లే అందించాలి. ఆ నాలుగక్షరాలు పోయినందుకు నాకిప్పటికీ బాధే.

బ్రాంచి మేనేజర్లకు ఒక మనవి. పాస్‌బుక్కు ముద్రణ మార్చడం మీ చేతిలో లేకపోతే స్విఫ్ట్ కోడ్‌తో రబ్బరు స్టాంపు ఒకటి చేయించండి.

రొయ్యల ఎగుమతిదారులకు ఇంకో మాట. మీ పేరుతో దొంగ మెయిల్ పంపి, ఖాతా మారిందని నమ్మించి, కొనుగోలుదారు డబ్బు మళ్లించే మోసాలు జరుగుతున్నాయి. ఖాతా మారిందని మెయిలొస్తే ముందు స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు అక్షరాలు చూడమని మీ కొనుగోలుదారుకు చెప్పి ఉంచండి. కాకినాడ సరుకు డబ్బు ఐ-ఎన్ లేని కోడ్‌కి పంపమంటే, అక్కడే ఆగి మీకు ఫోన్ చేయాలి. ఐ-ఎన్ ఉన్నా సరే, చేయాలి.