‘ఆల్‌మోస్టు’ అను నాంగ్లపదము – దాని తెలుఁగు పర్యాయములు

పర్యాయపదము లనఁబడునవి యొకదానికి బదు లొకటి యెల్లయెడలను నిలువఁగలవని నమ్మి యనువాదము చేయువారు పలువురు కలరు. ఈ నమ్మిక యెంత చెఱుపు చేయునో చూపుటకు ఆంగ్లమున మిక్కిలి వాడుకలో నున్న ‘ఆల్‌మోస్టు’ అను క్రియావిశేషణ మొక్కటి చాలును. దీనికి సుమారు, దాదాపు, ఇంచుమించు, రమారమి యని నాలుగు మాటలు విద్యార్థులచేత వల్లింపఁజేయుట కలదు. అంతటితో నాఁగక ‘అబౌటు’, ‘నియర్లీ’, ‘అప్రాక్సిమేట్లీ’ అనువానికిని ఆ నాలుగింటినే మరల నప్పగింతురు. ఇట్లు ఆంగ్లపదములును తెలుఁగుపదములును ఒకే గంపలోఁ బడి కలగాపులగమైనవి.

‘అబౌటు’ అనునది చుట్టును, వెలుపలిప్రక్కను అను నర్థముగల ప్రాచీనాంగ్లపదమునుండి వచ్చినది. కాఁబట్టి ‘అబౌటు 100 మంది’ యన్నచో 95 మంది యుండవచ్చును, 105 మంది యైనను ఉండవచ్చును. ‘ఆల్‌మోస్టు 100 మంది’ యన్నచో నూఱు నిండలేదనియే తాత్పర్యము. మొదటిది గుఱికి రెండు ప్రక్కలను మెలఁగును. రెండవది గుఱి చేరక యీవలనే నిలుచును. ఈ భేదమును విడిచి రెంటికిని ‘సుమారు’ అని వ్రాసినవాఁడు మూలమున లేని సందేహమును పాఠకునకుఁ గల్పించినవాఁ డగును.

ఇది యాంగ్లేయుల సూక్ష్మత, మన శాస్త్రముల కందనిది యని యెవరును తలంపవలదు. పాణిని యీ రెండర్థములను రెండు వేఱుతావులఁ జెప్పియున్నాఁడు. రెండవ యధ్యాయమున సంఖ్యతోడి బహువ్రీహిని విధించినచోట ‘ఉపదశాః’ అను నుదాహరణమునకు వ్యాఖ్యాతలు తొమ్మిదిగాని పదునొకండుగాని యని వివరించిరి. ఇది ‘అబౌటు’ యొక్క యర్థమే. అయిదవ యధ్యాయమునఁ గల్ప, దేశ్య, దేశీయ ప్రత్యయములకుఁ జెప్పిన యర్థ మన్ననో, ఈషదసమాప్తి. అనఁగా కొంచెము కొఱఁతపడుట. ‘ఆల్‌మోస్టు’ అను పదమునకు ఇంతకంటె సంగ్రహమైన నిర్వచనము నాకు మఱియొక్కటి కనఁబడలేదు. పటుకల్పుఁడు పటువు కాఁడు, కాని కావలసిన కొఱఁత స్వల్పము. ఈ ప్రత్యయము నామములకే కాక ‘పచతికల్పమ్’ అని క్రియాపదములకును జేరుట, ఆంగ్లపదము నామక్రియలు రెంటితోడను మెలఁగుటకు చక్కగా సరిపోవుచున్నది.

మఱియొక పోలిక కలదు. ‘ఆల్‌మోస్టు’ అనునది ‘ఆల్’ అను సర్వార్థకపదమును, ‘మోస్టు’ అను నధికార్థకపదమును గూడి యేర్పడినది. దాని తొలి యర్థము ‘చాలవఱకు’, ‘బహుళముగా’ అనియే. కొఱఁత యను నర్థము పిమ్మట బలపడినది. మన ప్రాయశ్శబ్దమును ఈ త్రోవనే నడచినది. అమరసింహుఁడు దానికి బాహుళ్యార్థమును జెప్పెను. అయినను మృతప్రాయుఁ డన్నపుడు చాలవఱకు మృతుఁ డనుటలేదు. ప్రాణము మిగిలియున్నదనియే చెప్పుచున్నాము. అధికము పూర్ణము కాదు గనుక, అధికమును జెప్పుపదము కొంతకాలమునకుఁ గొఱఁతను జెప్పునది యగుట వింతగాదు.

ఇఁక మన మాటలు. ‘సుమారు’ పారసీకమున లెక్క యను నర్థముగల ‘శుమార్’ శబ్దమునుండి వచ్చినది. పుట్టుకకుఁ దగినట్లు అది నేఁటికిని లెక్కను విడిచి దూరము పోదు. సుమారు పదిమంది, సుమారు రెండు పుట్లు అందుము; ‘సుమారు చచ్చెను’ అని తెలుఁగువాఁ డెవఁడును అనఁడు. ‘సుమారు అందఱును వచ్చిరి’ యనుటయు నట్టిదే. ‘వాని చదువు సుమారు’ అన్నచో నర్థమే మాఱి మధ్యమము, ఒక మోస్తరు అని యగును. ‘రమారమి’ యు లెక్కల మాటయే. ‘ఇంచుమించు’ లో మించుట స్పష్టముగా నున్నది; ఇంచు అను భాగమున ‘ఇంచుక’ తోఁచుచున్నది. అట్లయినచో నది రెండు ప్రక్కలను జూచుపదమే కావలయును. కాని వాడుక దానిని ‘ఇంచుమించు పూర్తియైనది’ అను తావులకును ఈడ్చినది. ఈ నాలుగింటిలో ‘దాదాపు’ ఒక్కటియే సంఖ్యతోను, క్రియతోను, ‘అందఱు’ అనుదానితోను సమానముగాఁ బొసఁగుచున్నది. నామమాత్రమునకైన ‘ఆల్‌మోస్టు’ నకు దగ్గఱిచుట్ట మనఁదగినది యదియే.

అయినను క్రియలవద్ద ‘దాదాపు’ను మాటిమాటికిని చొప్పించుట నాకు సమ్మతము కాదు. అచ్చట తెలుఁగునకు సొంత సంపద కలదు. ఆంగ్లమున ‘ఆల్‌మోస్టు పడెను’ అనుదానిని మనము ‘పడఁబోయెను’ అందుము. ‘ఆల్‌మోస్టు తెల్లవాఱినది’ యనుదానిని ‘తెల్లవాఱవచ్చినది’ యందుము. చెఱువు నిండవచ్చినది, వాఁడు చచ్చినంతపని యైనది, కార్యము ముగిసినట్లే. ఇవి నాలుగును ఒక్కటి కావు. ‘బోయెను’ అన్నచోఁ గ్రియ మొదలే కాలేదు. ‘వచ్చినది’ యన్నచో మొదలై చాలవఱకు నడచి కొన ముట్టలేదు. ‘అంతపని’ యన్నచో అపాయము తప్పినది. చావు తప్పి కన్ను లొట్టవోయిన దను సామెతకు ఇది చుట్టఱికము. ‘అట్లే’ యన్నచోఁ గొఱఁత యున్నను లెక్కింపఁబనిలేదు. ఆంగ్లేయుఁడు ‘ఆల్‌మోస్టు తలుపు తెఱచెను’ అని వ్రాసినచో, తెఱవఁదలఁచి మానెనో, సగముపైగాఁ దెఱచి నిలిపెనో సందర్భమువలననే తెలియవలయును. తెలుఁగు రచయిత ‘తెఱవఁబోయెను’ అనియో, ‘చాలవఱకుఁ దెఱచెను’ అనియో తేల్చి చెప్పక తప్పదు. ‘దాదాపు తెఱచెను’ అని వ్రాయువాఁడు ఈ భారమును దాఁటుకొని పోవుచున్నాఁడు.

‘నియర్లీ’ ని గూర్చి రెండుమాటలు. ఇది సామీప్యమునఁ బుట్టినపదమైనను నేఁటి వాడుకలో ‘ఆల్‌మోస్టు’ వలెనే కొఱఁతను జెప్పును. ‘ఎన్నడును లేదు’, ‘ఏమియు లేదు’ అను నిషేధములముందు మాత్రము ఆంగ్లేయులు ‘ఆల్‌మోస్టు’నే వాడుదురు. అట్టిచోట తెలుఁగున ‘దాదాపు ఎన్నడును రాఁడు’ అనుటకంటె ‘వచ్చుట యరుదు’ అనియో ‘రాఁడనియే చెప్పవచ్చును’ అనియో వ్రాయుట మేలు. ‘నియర్లీ’ ముందు నిషేధము చేరినచో నర్థము తలక్రిందగును. ‘నాట్ నియర్లీ’ యన్నచో ‘దగ్గఱ’ కాదు, ‘బహుదూరము’.

ఈ విచారము బడిపిల్లల యనువాదములకే పరిమితము గాదు. కవుల కాలనిర్ణయము చేయువారు ‘1400 ప్రాంతము’ అని వ్రాయుదురు. ‘ప్రాంతము’ మంచిమాట, ఉపదశన్యాయమున 1390 ని 1410 ని రెంటిని ఇముడ్చుకొనును. కాని యొక కావ్యము 1400 నాఁటికి ముగియవచ్చినదని యాంగ్లవ్యాసమున నున్నదానిని ‘1400 ప్రాంతమున ముగిసినది’ యని తెలుఁగు చేసినచో, ఆ సంవత్సరమునకు ముందే ముగియలేదన్న సాక్ష్యము మాయమగును. ఆ కావ్యమును 1395 నాఁటి వేఱొక కవి యనుసరించెనని వాదించువానికి ఆ యొక్కమాటయే యాధారము కాఁగలదు.