బిందెల వరస నుంచి బస్తీ సంఘం దాకా

1888 ఏప్రిల్‌లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి ఒక ఉత్తరం రాశాడు. లండన్ తూర్పు పేటల జీవితం మీద ఆమె రాసిన 'సిటీ గర్ల్' నవలను మెచ్చుకుంటూనే, అందులో శ్రామికవర్గం తనకు తాను సాయం చేసుకోలేని నిశ్చేష్ట సమూహంగా కనబడుతోందనీ, అంచేత ఆ నవల చాలినంత వాస్తవికం కాదనీ అన్నాడు. ఆ పేటల జనం అప్పటికి నిజంగానే నిష్క్రియగా ఉన్నారన్న సంగతీ ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, 1889లో, అవే పేటల రేవు కూలీలు పెద్ద సమ్మె చేసి గెలిచారు. ఈ రెండు సంవత్సరాల మధ్య ఆ వీధుల్లో ఏం జరిగింది? ఎవరు ఎవరితో మాట్లాడారు? మొదటి సమావేశానికి ఎందరు వచ్చారు? రెండోదానికి ఎందుకు తగ్గారు? నవలాకారుడికి అసలైన వస్తువు అక్కడుంది. పట్నం పేదల గురించి మన కథాసాహిత్యం వదిలేసినదీ సరిగ్గా ఆ మధ్యభాగాన్నే.

ఉత్తరాంధ్ర కథకి ఈ విషయంలో ఘనమైన వారసత్వం ఉంది. చాసో 'ఎంపు'లో ముష్టెత్తుకునే తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచేటప్పుడు చూసేది సంపాదన. దరిద్రంలోనూ ఒక ఆర్థికశాస్త్రం ఉందనీ, పేదవాడి నిర్ణయం వెనక లెక్క ఉందనీ చాసో చూపారు. జాలిని ఆయన దగ్గరికి రానివ్వలేదు.

రావిశాస్త్రి ఇంకో అడుగు వేశారు. 'ఆరు సారా కథలు'లో ఒకటైన 'మాయ'లో, సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ చదువుకున్న కుర్ర లాయరుకి పోలీసునీ కోర్టునీ విప్పి చెబుతుంది. చట్టం పుస్తకాల్లో చదివిన వాడు విద్యార్థి, దాని కింద నలిగిన మనిషి గురువు. అయితే ముత్యాలమ్మకి అన్నీ తెలిసినా ఆమె ఒంటరి. రావిశాస్త్రి పాత్రలు ఎంతగా అర్థం చేసుకుంటాయో అంతగా ఒంటరిగా మిగిలిపోతాయి. తెలియడానికీ కూడటానికీ మధ్య ఉన్న అగాధం ఆయన కథల్లో అలాగే ఉంది. ఆ అగాధాన్ని దాచకపోవడం ఆయన నిజాయితీ.

దాని మీద మొదటి పలక వేసింది కాళీపట్నం రామారావు. 1970ల తొలినాళ్ల ఆయన కథ 'జీవధార'లో నీళ్లు లేని పేటల ఆడవాళ్లు నీళ్లున్న బంగళా దాకా వస్తారు. కథకి వస్తువు నీళ్లే గాని, కారా అసలు కొలిచింది అడిగే గొంతులో వచ్చే మార్పుని. బతిమాలుకునే గొంతుకీ, మాకూ కావాలని నిలబడే గొంతుకీ మధ్య ఎంత దూరమో ఆయన కొలిచారు. కథానాయకుడి స్థానంలో గుంపు నిలబడింది. గుంపు మంద కాదనీ, అందులో ప్రతి మనిషికీ వేరే భయం, వేరే లెక్క ఉంటాయనీ, ఆ లెక్కలన్నీ ఒక దిక్కుకి తిరిగినప్పుడే అది శక్తి అవుతుందనీ ఆ కథ చెబుతుంది.

మరి ఆ తర్వాతి రోజు? మర్నాడు కూడా దాహం వేస్తుంది. ఇవాళ గేటు దాటిన ఆడవాళ్లు రేపు మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలా, వద్దా? పెడితే ఎవరు రాయాలి? ఈ ప్రశ్న కారాని అడగడం అన్యాయం. కథకి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి నడవవలసిన బాధ్యత తర్వాత వచ్చినవాళ్లది. మనం నడవలేదు.

ఎందుకు నడవలేదన్నదానికి రచయితల్ని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. విమర్శకులుగా మన వాటా మనం ఒప్పుకోవాలి. కథ ఎక్కడ ముగిసిందో చూసి మార్కులు వేసే అలవాటు మనకుంది. చివర పిడికిలి లేస్తే చైతన్యవంతమైన కథ, చివర అర్జీ పెడితే సంస్కరణవాదం. కుళాయి కోసం, పట్టా కోసం, రేషను కార్డు కోసం జరిగే పోరాటం వ్యవస్థని మార్చదు గనక అది సాహిత్య వస్తువుగా చిన్నదన్నాం. ఎంగెల్స్ 1872లో రాసిన 'ఇళ్ల సమస్య'ని ఇందుకు సాక్ష్యం తెచ్చుకున్నాం. పెట్టుబడిదారీ విధానం ఉన్నంతకాలం ఇళ్ల కొరత విడిగా పరిష్కారం కాదన్న ఆయన మాట సరైనదే. దాన్నుంచి మనం తీసిన తీర్మానం తప్పు. పరిష్కారం కాని సమస్య చుట్టూనే మనుషులు కూడటం నేర్చుకుంటారు. ఆ నేర్చుకోవడాన్ని చిన్నచూపు చూసిన విమర్శ, ఆకలి నుంచి తిరుగుబాటుకి ఒక్క గెంతులో చేరే కథల్ని తయారుచేసింది. గెంతు పాఠకుడికి ఉత్సాహం ఇస్తుంది గాని, దారి చూపదు.

ఆ మధ్యభాగం ఎలా ఉంటుందో మన ప్రాంతం నుంచే చూద్దాం. కోటబొమ్మాళి పరిసరాల నుంచి విశాఖ వెళ్లి తాపీ పనిలోనో సెంట్రింగ్ పనిలోనో చేరిన మనిషిని తీసుకోండి. వానలు ముఖం చాటేసినప్పుడు, అప్పు పెరిగినప్పుడు రైలెక్కినవాడు. కొత్తమ్మతల్లి జాతరకి తప్పనిసరిగా ఊరొస్తాడు. అతని కార్డూ ఓటూ ఇక్కడే ఉంటాయి. ఊరి లెక్కలో ఉన్నాడు, ఊళ్లో లేడు. పట్నంలో ఉన్నాడు, పట్నం లెక్కలో లేడు. బస్తీలో సంఘం పెట్టేవాళ్లకి మొట్టమొదట ఎదురయ్యేది ఈ మనిషే. అంచేత అక్కడ మొదటి రాజకీయ కార్యం ఊరేగింపు కాదు, జాబితా రాయడం. ఎన్ని గుడిసెలు, ఏ గుడిసెలో ఎందరు, ఎన్నేళ్లుగా, చేతిలో ఏ కాగితం ఉంది. పేరు చెప్పడానికి భయపడేవాళ్లుంటారు. పేరు రాస్తే గుడిసె పోతుందన్న పుకారు ఒకరు పుట్టిస్తారు. మగవాళ్లు పనిలోకి పోతారు కాబట్టి జాబితా ఆడవాళ్ల నోట తయారవుతుంది. ఊళ్లో మొగుడి పేరుతోనో కొడుకు పేరుతోనో పిలిపించుకున్న మనిషి అక్కడ తన పేరు తాను మొదటిసారి చెప్పుకుంటుంది. ఇది కథ కాదా?

తర్వాత చందా. తలా పది రూపాయలు. రసీదు పుస్తకం ఎవరి దగ్గరుండాలన్న దగ్గర మొదటి తగువు. కుళాయి దగ్గర బిందెల వరసలో ఏ కులం బిందె ముందుండాలన్న పాత తగువు కొత్త రూపంలో సమావేశంలోకి వస్తుంది. గట్టిగా మాట్లాడేవాణ్ణి ఎన్నికల ముందు ఎవరో ఒకరు పిలిచి కుర్చీ వేస్తారు. వాడు తిరిగొచ్చాక గొంతు మారుతుంది. సంఘం చీలుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఈ ప్రతి మలుపులోనూ వర్గస్వభావం ఉంది, మనిషి బలహీనత ఉంది, మార్పు ఉంది.

ఇది కథ కాదు, రిపోర్టు అవుతుందని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. వాళ్లని 'యజ్ఞం' మళ్లీ చదవమని కోరాలి. తెలుగు కథల్లో మహత్తరమైనదని మనమంతా ఒప్పుకునే ఆ కథలో చాలా భాగం ఒక పంచాయితీయే. అప్పు తీర్చాలా వద్దా అన్న వాదోపవాదాలు, పాత లెక్కలు, పెద్దల మాటలు, మౌనాలు. సమావేశం కథ కాలేదంటే దోషం సమావేశానిది కాదు, దాన్ని వినలేని చెవిది. పైగా ఆ చెవికి మన యాస బాగా తెలిసి ఉండాలి. అర్జీలో రాసిన భాషకీ, అర్జీ రాయించిన మనిషి నోటి భాషకీ మధ్య ఏం రాలిపోయిందో పట్టుకోగలిగితే శిల్పం దానంతటదే వస్తుంది.

వస్తువు కొరత ఏనాడూ లేదు. 1985లో సుప్రీంకోర్టు బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనంది. అదే తీర్పులో వానాకాలం వెళ్లాక గుడిసెలు తొలగించవచ్చనీ అంది. ఈ రెండు వాక్యాల మధ్య సంబంధాన్ని ముత్యాలమ్మ అయితే ఒక్క సామెతలో తేల్చేసేది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుని వ్యతిరేకించిన జనం మీద పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమీ ఇళ్ల స్థలాలూ అడిగిన ఉద్యమంలో ఏడుగురు బలయ్యారు. ఈ మరణాల మీద మనం పాటలు కట్టుకున్నాం, స్మృతి కవితలు రాసుకున్నాం. రాయవలసిందే. కాని కాల్పుల దాకా ఆ జనాన్ని నడిపించిన నెలల తరబడి పని, ఇంటింటికీ తిరిగిన కాళ్లు, ఆ కవితల్లో లేవు.

2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణ పేదకి సెంటు, పల్లె పేదకి సెంటున్నర లెక్క కట్టారు. సెంటంటే నలభై ఎనిమిది చదరపు గజాల చిల్లర. విశాఖ పేదల కోసం స్థలాలు ఆనందపురం, సబ్బవరం వంటి శివారు మండలాల్లో చూశారు. పట్టా చేతికొచ్చిన మనిషికి పని దూరమవుతుంది. పని దగ్గరున్న మనిషికి పట్టా ఉండదు. ఎంగెల్స్ 1872లో చెప్పిన సంగతి, పేదల్ని నగరం మధ్య నుంచి అంచుకి తోసి సమస్య తీరిందనుకోవడం, మన కళ్ల ముందే ఉంది. 2021 అక్టోబరులో పట్టణాల్లో వచ్చిన చెత్త పన్ను, ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. ఆ మూడేళ్లూ కట్టం అని గుమ్మంలో నిలబడి చెప్పిన ఇల్లాలి కథ ఎక్కడ?

మన ప్రాంతపు రచయితలు అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, బమ్మిడి జగదీశ్వరరావు పల్లె కూలిపోవడాన్ని బలంగా పట్టుకున్నారు. ఊరు ఖాళీ అవడం వరకూ మన కథ తోడుంది. రైలు విశాఖలో ఆగాక, ప్లాట్‌ఫారం మీద ఆ మనిషి చెయ్యి వదిలేస్తోంది. వదిలేశాక అతను బాధితుడిగా మాత్రమే గుర్తుంటాడు. నిర్మాతగా గుర్తుండడు. హార్క్‌నెస్ నవల మీద ఎంగెల్స్ చేసిన ఫిర్యాదు ఇవాళ మన మీద నిలబడుతుంది.

అంచేత యువరచయితలకి చెప్పవలసింది ఒకటే. బస్తీ సంఘం సమావేశానికి వెళ్లండి. ఉపన్యాసం చెప్పడానికి కాదు, వెనక చాపమీద కూర్చోవడానికి. మొదటి గంటలో మీకు కథ దొరకదు. లెక్కల పుస్తకం, ఫిర్యాదులు, దోమలు, ఒకరి మీద ఒకరి కోపం దొరుకుతాయి. అయినా కూర్చోండి. విమర్శకులకి చెప్పవలసింది కూడా ఒకటే. ముగింపుకి మార్కులు వెయ్యడం మానేద్దాం. ఒక మనిషి ఇంకో మనిషి తలుపు ఎలా తట్టాడో రాసిన కథ ఏ పిడికిలీ లేవకుండా ముగిసినా, దాన్ని మన సాహిత్యంలో ముందడుగుగా గుర్తిద్దాం.