బలవంతుని ఉద్దేశమేమి?

హైదరాబాదు పాతబస్తీలో జంతు ప్రదర్శనశాలకు సమీపముననున్న కిషన్‌బాగ్‌లో మన పల్లె సంఘముల పిల్లలు కొందరు పనులనిమిత్తము అద్దెగదులలో నివసించుచున్నారు. ఒక ఆదివారము సాయంకాలము అట్టి గదిలో ప్రార్థన ముగిసి టీ త్రాగుచుండగా ఇద్దరు యువకులు వాదమునకు దిగిరి. ఏదో వాక్యమును గూర్చి కాబోలునని చెవియొగ్గితిని. తీరా అది సూపర్‌మ్యాన్ అను కల్పిత వీరుని గూర్చిన వాదము!

"వాడు చెడ్డవాడు కాడు, తమ్ముడూ. భార్యను పోగొట్టుకొన్నవాడు" అని పెద్దవాడు.

"భార్య చనిపోయిన ప్రతివాడును లోకమును చెరపట్టునా, అన్నా?" అని చిన్నవాడు.

చదువరులు నవ్వవచ్చును. నేనును నవ్వితిని. కాని వారు గంటసేపు విడువలేదు. లోకమంతట లక్షలమంది యువజనులు ఇదే ప్రశ్నపై తర్కించుచున్నారని తెలిసిన పిమ్మట, ఇది తీసివేయదగిన మాట కాదని నాకు తోచెను.

ఈ కథ ఎరుగనివారికొరకు రెండు మాటలు చెప్పవలెను. యూదుల కుటుంబములలో పుట్టిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇద్దరు యువకులు అమెరికాలో కల్పించిన సూపర్‌మ్యాన్ 1938లో అచ్చులోనికి వచ్చెను. నశించుచున్న ఒక గ్రహమునుండి తలిదండ్రులు తమ పసివానిని చిన్న ఓడలో పెట్టి ఆకాశములోనికి పంపివేయుదురు. అది భూమిమీద పడగా సంతానములేని రైతు దంపతులు ఆ బిడ్డను పెంచుదురు. జమ్ముపెట్టెలోని మోషే జ్ఞాపకము వచ్చుట సహజమే. ఆ బిడ్డ ఎగురగలవాడును, కొండలను కదల్చగలవాడునై, దుర్బలులను కాపాడుటకే తన బలమును వాడును.

1961 ప్రాంతమునుండి ఈ కథకులు ఒక క్రొత్త ఉపాయము విస్తారముగా వాడసాగిరి. మన లోకమువంటి లోకములు అనేకములున్నవనియు, ఒక్కొక్కదానిలో అదే వీరుడు వేరువిధముగా బ్రదుకుననియు వ్రాసిరి. అందుచేత చదువరులకు ఒక చిక్కు వచ్చినది. మనిషి ఒక్కడే, బలము ఒక్కటే. ఇక్కడ రక్షకుడు, అక్కడ క్రూరుడు ఎట్లయ్యెను? వాని నిజమైన ఉద్దేశమేది?

మన యువకులు వాదించినది 2013లో వచ్చిన 'ఇన్‌జస్టిస్' అను కంప్యూటరు ఆటలోని కథను గూర్చి. అందులో జోకర్ అను దుర్మార్గుని మోసముచేత సూపర్‌మ్యాన్ తన గర్భవతియైన భార్యను శత్రువని భ్రమించి తన చేతులతోనే చంపుకొనును. ఆమె గుండె ఆగగానే అణుబాంబు ప్రేలి అతని పట్టణము భస్మమగును. అతడు జోకర్‌ను చంపును. అంతటితో ఆగక, ఇకమీదట ఎవడును ఎవనికిని హానిచేయకుండునట్లు లోకమంతటిని తన పిడికిటిలోనికి తీసికొనును. "ఇది న్యాయమా?" అని అడిగిన తన పక్షపు వానినే దహించివేయును. అభిమానులలో అనేకులు ఇతనిని సమర్థింతురు. దుఃఖమే అతనిని మార్చినదనియు, అతని స్థానములో ఎవరున్నను అదే చేయుదురనియు వారి మాట.

నాకు ఈ సమర్థన చాలదు. ఏలయనగా 2003లో మార్క్ మిల్లర్ వ్రాసిన 'రెడ్ సన్' అను కథ దీనికి అడ్డము నిలుచుచున్నది. ఆ కథలో పసివాని ఓడ అమెరికాలో కాక ఉక్రెయిన్‌లోని ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రములో పడును. ఇక్కడ భార్య మరణము లేదు, పగ లేదు. అందరికిని అన్నము పెట్టవలెను, ఏ ప్రమాదమును జరుగనీయరాదు అనునదే అతని తలంపు. అది మంచి తలంపే. అయినను ఎదురు మాటాడినవారి తలలలో యంత్రములు అమర్చి వారిని విధేయులుగా చేయు స్థితికి అతని రాజ్యము వచ్చును. చివరకు శత్రువు వ్రాసిన చిన్న చీటీ ఒకటి చదివి, తాను లోకమును కాపాడుటలేదనియు సీసాలో బంధించుచున్నాననియు గ్రహించి కుప్పకూలును. ఈ కథలన్నిటిలో నాకు నచ్చిన ఘట్టమిదియే. గాయపడినవాడును, గాయపడనివాడును ఒకే సింహాసనము మీద కూర్చుండిరి. కాబట్టి దుఃఖమును తప్పుపట్టి మనము తప్పించుకొనలేము.

మన తెలుగులోను ఒక సూపర్‌మ్యాన్ ఉన్నాడు. 1980లో నందమూరి తారక రామారావు గారు ఆ పేరుతోనే వచ్చిన చిత్రములో నటించిరి. అందులో బాలుని కన్నులయెదుట తలిదండ్రులు హతులగుదురు. ఆంజనేయుని అనుగ్రహముచేత అతడు శక్తి పొంది, పెరిగి, హంతకులమీద పగ తీర్చుకొనును. పేరు అమెరికాది, పగ మన సినిమాలది. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టవలెనన్న వీరునికి ఒక గాయముండవలెనని మన కథకులు ఎంచినట్లున్నది. మరియొక వింత: సీగెల్, షూస్టర్‌లే 1933లో ఈ పేరుతో మొదట వ్రాసిన కథలో శక్తి పొందిన మనిషి దుష్టుడు! కల్పించినవారి చేతిలోనే రెండు లోకములును ఉండెనన్నమాట.

ఈ విషయమై నేను యోసేపు కథను తిరిగి చదివితిని. ఇరువది వెండి నాణెములకు అన్నలు అమ్మివేసిన వాడు ఐగుప్తులో ఫరో తరువాతివాడాయెను. తండ్రియైన యాకోబు ఐగుప్తులో బ్రదికిన 17 సంవత్సరములును యోసేపు ఆ అన్నలను పోషించెను. తండ్రి సమాధి కాగానే అన్నలు ఏమి తలంచిరి? ఇన్నాళ్ల దయ తండ్రి ముఖము చూచియే గాని మాకొరకు కాదు, ఇప్పుడు నిజమైన యోసేపు బయటపడునని భయపడిరి. తమ మనస్సులో ఇంకొక యోసేపును కల్పించుకొనిరి. ఆ మాట విని యోసేపు ఏడ్చెను. నేను దేవుని స్థానములో ఉన్నానా యని వారిని అడిగెను.

యోసేపును సూపర్‌మ్యాన్‌కు ఎదురుగా మచ్చలేని బొమ్మవలె నిలువబెట్టుట నా ఉద్దేశము కాదు. కరవులో ఐగుప్తీయుల పశువులు, పొలములు ఫరో వశమైనది అతని చేతిమీదుగానే. పంటలో అయిదవ పాలు ఫరోకు ఇయ్యవలెనని కట్టడ చేసినది అతడే. కౌలుకు దున్నువారు ఆ అధ్యాయమును నెమ్మదిగా చదువుకొందురుగాక. అయినను తన్ను అమ్మినవారి విషయములో అతడు తీర్పరి పీఠమెక్కలేదు. అభిమానులు తమ వీరుని గాయమునే వెదకుచున్నారు. వాడు ఎవరి పీఠముమీద కూర్చుండెనని వారు అడుగుటలేదు.

పెద్దవాడు నన్ను బస్సు ఎక్కించుటకు బహదూర్‌పురా చౌరస్తా వరకు వచ్చెను. దారిలో అతడే చెప్పెను. వాని అన్న పొలమంతయు తన పేర వ్రాయించుకొనెనట. మూడేండ్లుగా ఊరికి పోలేదట. "నాకు ఆ బలముంటే ఏం చేసుందునో నాకు తెలుసు అయ్యగారూ" అనెను. నేను యోసేపు సంగతి చెప్పితిని. కొంత దూరము మౌనముగా నడిచి, "అప్పుడు అన్నలు ఏమన్నారు?" అని అడిగెను. వారి ప్రత్యుత్తరము ఆ అధ్యాయములో వ్రాయబడలేదని చెప్పితిని. అంతలో బస్సు వచ్చెను.