ఆంగ్ల జాతీయాలు: అర్థజ్ఞానం - ప్రయోగౌచిత్యం

వ్యాస సంగ్రహం
ఆంగ్ల జాతీయాలను పట్టికలుగా కూర్చి, ఒక్కొక్కదాని ఎదుట ఒక అర్థం రాసి బోధించడం కళాశాల తరగతుల్లోనూ పోటీపరీక్షల పుస్తకాల్లోనూ తరచు కనిపించే పద్ధతి. అర్థం తెలిసినంత మాత్రాన ప్రయోగం తెలియదని, ప్రతి జాతీయానికీ స్థాయి, నిర్మాణ, సందర్భ పరిమితులు ఉంటాయని ఈ వ్యాసం సోదాహరణంగా నిరూపిస్తుంది. తెలుగు విద్యార్థికి ఆ పరిమితులను తెలుగు జాతీయాల ఆధారంగానే బోధపరచవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జాతీయం, నుడికారం, ప్రయోగౌచిత్యం, భాషాస్థాయి, ఆంగ్లబోధన.

1. ప్రవేశిక
విడివిడి పదాల అర్థాలను కూడితే రాని అర్థాన్నిచ్చే పదబంధం జాతీయం. 'నీళ్ళు నమలడం'లో నీళ్ళూ లేవు, నమలడమూ లేదు. సూటిగా జవాబు చెప్పలేని తడబాటు ఉంది. ఆంగ్లంలో 'స్పిల్ ద బీన్స్' అంటే గింజలు ఒలకబోయడం కాదు, రహస్యం బయటపెట్టడం. సామెత సాధారణంగా పూర్తి వాక్యంగా నిలిచి లోకానుభవాన్ని చెబుతుంది. జాతీయం వాక్యంలో భాగంగా ఇమిడి పనిచేస్తుంది. అందుచేత దానికి వ్యాకరణంతోనూ వక్తృ-శ్రోతల సంబంధంతోనూ నిమిత్తం ఉంటుంది. పట్టికలు వదిలివేసేది ఈ అంశాన్నే.

2. అర్థం ఒకటి, స్థాయి వేరు
'కిక్ ద బకెట్' ఎదుట పట్టికల్లో 'మరణించు' అని ఉంటుంది. అది తప్పు కాదు. కాని ఆ ఒక్క మాటను నమ్ముకొని విద్యార్థి సెలవు కోరుతూ రాసే లేఖలో తాతగారి మరణాన్ని ఈ జాతీయంతో తెలిపితే, వ్యాకరణదోషం ఒక్కటీ లేని ఆ వాక్యం చనిపోయినవారిని పరిహసించినట్లవుతుంది. మరణవార్త చెప్పడానికి ఆంగ్లంలో 'డై' సామాన్యం, 'పాస్ అవే' మృదువు, 'కిక్ ద బకెట్' పరిహాసం.

తెలుగులో ఈ మెట్లు ఇంకా ఎక్కువ. పరమపదించారు, కాలం చేశారు, కన్నుమూశారు, పోయారు, గుటుక్కుమన్నాడు - వీటిలో ఏది ఎవరి విషయంలో వాడాలో తెలుగువారికి ఎవరూ ప్రత్యేకించి నేర్పనక్కరలేదు. ఈ వరుస చివర 'బాల్చీ తన్నేశాడు' కూడా ఉంది. ఆంగ్ల జాతీయానికి మక్కికి మక్కి అనువాదంగా కనిపించే ఈ మాటను సంతాపసభలో ఎవరూ వాడరు. 'తన్నేశారు' అని బహువచనం చేర్చినా దానికి గౌరవం రాదు, వ్యంగ్యం పెరుగుతుంది. అంటే ఆంగ్లంలో నేర్వవలసిన ఔచిత్యం విద్యార్థికి మాతృభాషలో ముందే ఉంది. దాన్ని గుర్తుచేయడం బోధకుని పని.

3. నిర్మాణ పరిమితులు
జాతీయాలు వ్యాకరణ పరివర్తనలకు ఎంతవరకు లొంగుతాయో బ్రూస్ ఫ్రేజర్ 1970లో ఏడు అంచెలుగా వర్గీకరించారు. 1994లో నన్‌బర్గ్, సాగ్, వాసో ఈ భేదానికి అర్థపరమైన కారణం చూపారు. 'స్పిల్ ద బీన్స్'లో గింజలు రహస్యానికీ, ఒలకబోయడం వెల్లడించడానికీ సంకేతాలు. కనుక 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అనే కర్మణి రూపం చెల్లుతుంది. 'కిక్ ద బకెట్'లో బాల్చీ దేనికీ సంకేతం కాదు. దాన్ని కర్మణిలోకి మారిస్తే ఎవరో నిజంగా బాల్చీని తన్నారన్న అర్థమే మిగులుతుంది.

తెలుగులోనూ ఇటువంటి భేదమే ఉంది. 'గుట్టు రట్టు చేశాడు' అన్నదాన్ని 'గుట్టు రట్టయింది' అనవచ్చు. 'నీళ్ళు నమిలాడు' అన్నదాన్ని 'నీళ్ళు నమలబడ్డాయి' అంటే నవ్వు వస్తుంది.

వ్యతిరేకార్థంతో ముడిపడిన జాతీయాలు మరొక రకం. 'లిఫ్ట్ ఎ ఫింగర్' ప్రధానంగా 'ఏ కాస్త సాయమూ చేయలేదు' అనే సందర్భంలో వస్తుంది. పట్టిక 'సాయపడు' అని మాత్రమే చెబితే విద్యార్థి దాన్ని మెచ్చుకోలుకు వాడే ప్రమాదం ఉంది. 'పూచికపుల్ల తీసి ఇటునుంచి అటు పెట్టడు' అన్న తెలుగు పలుకుబడిని పక్కన ఉంచితే ఈ నియమం వెంటనే బోధపడుతుంది.

4. పోలికలోని ప్రమాదం
మాతృభాష అన్నిచోట్లా దారి చూపదు. 'యాడ్ ఫ్యూయెల్ టు ద ఫైర్', 'అగ్నికి ఆజ్యం పోయడం' భావంలో కలుస్తాయి. 'గివ్ ఎ హ్యాండ్' సాయం చేయడం. తెలుగులో 'చేయిచ్చాడు' అంటే నమ్మించి మోసగించాడని. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' ఆటపట్టించడం. తెలుగులో 'కాలు పట్టి లాగడం' ఎదిగేవాడిని అడ్డుకోవడం. పూర్తిగా కొత్తదైన జాతీయం ఎదురైతే విద్యార్థి నిఘంటువు తెరుస్తాడు. చేయి, కాలు వంటి పరిచితమైన మాటలు కనిపిస్తే తెరవడు. అందుచేత తెలియని జాతీయం కంటే తెలిసినట్లనిపించే జాతీయమే ఎక్కువ పొరపాట్లకు తావిస్తుంది.

5. పరిశోధన రచనలో
ఈ సమస్య పరిశోధకులకూ ఉంది. 'బెగ్ ద క్వశ్చన్' తర్కశాస్త్రంలో, నిరూపించవలసిన అంశాన్నే ఆధారంగా స్వీకరించే దోషానికి పేరు. న్యాయసూత్రాలలోని హేత్వాభాసల్లో 'సాధ్యసమం' దీనికి సన్నిహితం. నేటి వాడుకలో ఈ జాతీయం 'ప్రశ్నను లేవనెత్తు' అనే అర్థంలోనూ విస్తారంగా వినిపిస్తుంది. రెండూ వాడుకలో ఉన్నందువల్ల ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని తేల్చడం కంటే పాఠకుణ్ణి గుర్తెరగడం ముఖ్యం. ఒక పూర్వపరిశోధకుని వాదం ప్రశ్నను రేకెత్తిస్తుందని మెచ్చుకోదలచి ఈ జాతీయం వాడితే, ఆ వాదంలో తర్కదోషం ఉందని ఆరోపించినట్లు అర్థమయ్యే అవకాశం ఉంది. అటువంటిచోట 'రెయిజ్ ద క్వశ్చన్' నిరపాయకరం.

6. ముగింపు
జాతీయాన్ని అర్థంతో మాత్రమే పరీక్షించే ప్రశ్నపత్రం ఉన్నంతకాలం పట్టికలే పాఠాలవుతాయి. తక్కువ జాతీయాలను ఎంచుకొని, ఒక్కొక్కదానికి ఎవరు ఎవరితో అంటారు, ఏ భావంతో అంటారు, ఏ రూపాల్లో అంటారు అనే మూడు అంశాలను వాక్యసహితంగా చూపడం వంద జాతీయాల పట్టిక కంటే మేలు. పరీక్షలోనూ అర్థం అడిగే ప్రశ్నకు బదులు, ఇచ్చిన సందర్భంలో ఆ జాతీయం తగునా, తగదా అని అడగవచ్చు. ఎక్కడ వాడకూడదో చెప్పగలిగిన విద్యార్థికి ఆ జాతీయం స్వాధీనమైనట్లే.