వేతనం లేని సంరక్షకులు: గిరిజన కుటుంబాలు, సంక్షేమ విధానం – ఒక విమర్శ

6.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– వేతనం లేని సంరక్షణ అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు;
– చట్టం సంరక్షకులకు ఇచ్చిన స్థానాన్ని అంచనా వేయగలుగుతారు;
– "గిరిజనులు తమవారిని తామే చూసుకుంటారు" అనే వాదాన్ని విమర్శించగలుగుతారు.

6.1 పరిచయం

మంచం పట్టిన పెద్దలను, వైకల్యం గల పిల్లలను, దీర్ఘవ్యాధులున్నవారిని ఇంట్లో ప్రతిఫలం లేకుండా చూసుకునేవారే వేతనం లేని సంరక్షకులు.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో ఒక లంబాడీ తండాను ఊహించుకోండి. పక్షవాతం వచ్చిన అత్తను కోడలు చూసుకుంటున్నది. మిర్చి ఏరే రోజులు. కూలీల ఆటో పొద్దున్నే వెళ్లిపోతుంది. అత్తకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, అన్నం తినిపించేసరికి ఆటో ఉండదు. ఆ రోజు కూలి పోయింది. అత్తకు పింఛను రావచ్చు. కోడలు పోగొట్టుకున్న కూలి మాత్రం ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

6.2 లెక్కలు చెప్పేవి, చెప్పనివి

జాతీయ గణాంక కార్యాలయం 2019లో కాల వినియోగ సర్వే జరిపింది. కుటుంబ సభ్యుల సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. ఇంటిపనిలో ఈ తేడా ఇంకా ఎక్కువ: స్త్రీలు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు.

ఈ సర్వే విలువైనదే. అయితే రాత్రి మూడుసార్లు లేవవలసి వస్తుందనే భయంతో సగం నిద్రపోయే మనిషి కాలాన్ని నిమిషాలలో కొలవడం కష్టం. సంరక్షణ అంటే చేసిన పని ఒక్కటే కాదు. ఇల్లు కదలలేకపోవడం కూడా. సగటు అంకెను చదివేటప్పుడు దీన్ని మీరు మరచిపోకూడదు.

6.3 చట్టం ఇచ్చిన గుర్తింపు

2016 వికలాంగుల హక్కుల చట్టం ఒక ముందడుగు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులతో సహా సహాయం అందించే ఎవరినైనా అది సంరక్షకులుగా నిర్వచించింది. గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులను కూడా చేర్చింది. అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్ చెబుతున్నది.

కాని అదే సెక్షన్ ప్రభుత్వ బాధ్యతను "ఆర్థిక సామర్థ్యం మేరకు" అని పరిమితం చేసింది. ఇక్కడే హక్కు దయగా మారే ప్రమాదం ఉంది. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛన్లలో వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, ఒంటరి స్త్రీలు, బీడీ కార్మికులు ఉన్నారు. సంరక్షకులు అనే వర్గం లేదు. చట్టంలో నిర్వచనం దొరికిన మనిషికి పథకంలో చోటు దొరకలేదు.

6.4 "తమవారిని తామే చూసుకుంటారు"

గిరిజన సమాజాలలో బంధుత్వం బలమైనదని మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవడంలో తప్పు లేదు. ఆ మెప్పు సేవలు అందించకపోవడానికి సాకు అయినప్పుడే చిక్కు. బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాల గురించి కూడా ఇదే మాట వినిపించింది. కూలి కోసం మగవారు, చదువుల కోసం పిల్లలు ఊరు విడిచిన ఇంట్లో "కుటుంబం" అంటే తరచుగా ఒక్క స్త్రీయే.

దీనికి భాష తోడవుతుంది. లంబాడీ ఇండో-ఆర్యన్ భాష. భద్రాచలం ఏజెన్సీలో వినిపించే కోయ ద్రావిడ భాష. ఆసుపత్రిలో మాట్లాడేది తెలుగు. అవ్వ బాధను డాక్టరుకు తెలుగులో చెప్పడానికి బడికి వెళ్లే మనుమరాలు తోడు పోతుంది. ఆ పూట బడి పోతుంది. ఆమె కూడా సంరక్షకురాలే; ఆమెను మనం అలా పిలవం.

6.5 ప్రత్యామ్నాయాలు, పరిమితులు

కేరళ 'ఆశ్వాసకిరణం' పథకం మంచం పట్టినవారి సంరక్షకులకే నెలకు 600 రూపాయలు నిర్ణయించింది. మొత్తం చిన్నదే, చూసుకునే మనిషిని ప్రత్యేకంగా గుర్తించడం దాని విలువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఇస్తున్న 15,000 రూపాయల పింఛను పెద్ద సహాయం. అయితే అది రోగి పేరున వస్తుంది. రోగి మరణంతో ఆగుతుంది. ఏళ్ల తరబడి కూలి మానుకున్న స్త్రీ మరునాడు ఏ ఆధారంతో నిలబడాలి?

డబ్బు ఒక్కటే చాలదనే వాదం కూడా సరైనదే. భత్యం ఇస్తే ఈ పని స్త్రీలదేనని స్థిరపడవచ్చు. అందుకే భత్యంతో పాటు ఇంటికి వచ్చే నర్సు, వారానికి ఒక రోజైనా విశ్రాంతి, ఆసుపత్రిలో లంబాడీ, కోయ భాషలు తెలిసిన సహాయకులు అవసరం.

6.6 సారాంశం

మన సంక్షేమ విధానం రోగిని చూసింది, రోగి పక్కన కూర్చున్న మనిషిని చూడలేదు. కుటుంబ బలాన్ని గౌరవించడమంటే దాని మీద ఇంకొంత బరువు పెట్టడం కాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సంరక్షకుల భత్యం విషయంలో 24వ సెక్షన్ బలాన్ని, పరిమితిని వివరించండి.
2. మీ ఇంట్లో లేదా మీ వీధిలో జబ్బుపడినవారిని ఎవరు చూసుకుంటున్నారు? ఆ పని కోసం వారు దేన్ని వదులుకున్నారో, పేర్లు రాయకుండా, పది వాక్యాలలో రాయండి.