మాతృస్మృతి కావ్యము - కోనసీమ కథాసంప్రదాయము

తెలుగున స్మృతికావ్యమును గూర్చి చర్చించినపుడు, అది ఆంగ్ల సాహిత్య పరిచయమువలన భావకవితా యుగమున మనకు సంక్రమించిన ప్రక్రియ యని చెప్పుట పరిపాటి. ఇందు సత్యము లేకపోలేదు. థామస్ గ్రే 1751లో ప్రకటించిన శ్మశానగీతమును, టెన్నిసన్ మిత్రవియోగమున రచించి 1850లో వెలువరించిన దీర్ఘకావ్యమును మన విద్యాధికులు శ్రద్ధతో చదివిరి. పిదప భార్యావియోగమున విశ్వనాథ సత్యనారాయణగారు 'వరలక్ష్మీ త్రిశతి'ని, మాతృవియోగమున నాయని సుబ్బారావుగారు 'మాతృగీతాలు'ను రచించిరి. అయినను తల్లిని గూర్చిన స్మృతికావ్యము విషయమున ఈ సిద్ధాంతము చాలదని మా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు గల కారణములను ఇచట సంగ్రహముగా నివేదించుచున్నాము.

ప్రాచీన కావ్యములలో విలాపములకు కొరత లేదు. కుమారసంభవమున రతి భర్తకై విలపించినది. రఘువంశమున అజుడు ఇందుమతికై విలపించెను. పుత్రశోకమునకు దశరథుడే నిదర్శనము. కాని గతించిన తల్లికై కుమారుడు విలపించుట ప్రధానముగా గల ఘట్టము లరుదు. కారణ మూహింపదగినదే. మన్మథుని మరణము, ఇందుమతి మరణము అకాలమున వచ్చినవి. తల్లి బిడ్డకంటె ముందుగా పోవుట లోకసహజము. సహజమైనదానిని కవులు వర్ణనీయముగా నెంచలేదు. భరతుడు విప్రలంభమును సాపేక్షభావమనియు, కరుణమును నిరపేక్షభావమనియు వేరుపరచెను. మరల కలియుదుమను నాశ యుండుట, లేకుండుట అను భేదమే దీనికి మూలము. ఈ లక్షణమును బట్టి చూచిన, మాతృవియోగమునకు మించిన కరుణస్థానము మరియొకటి యుండునా? అట్టిదానిని కావ్యము విడిచిపెట్టగా, కర్మకాండ చేపట్టినది.

గయాక్షేత్రమున తల్లికి ప్రత్యేకముగా పదునారు పిండములు పెట్టు నాచారము కలదు. దీనికి మాతృషోడశి యని పేరు. ఒక్కొక్క పిండమునకు ఒక్కొక్క శ్లోకము పఠింతురు. ఆ శ్లోకములలో తల్లిని దేవతగా కీర్తించుట ప్రధానము గాదు. గర్భముతో ఎగుడుదిగుడు దారిలో నడచిన కష్టము, ప్రసవానంతరము త్రాగిన చేదు కషాయములు, రాత్రివేళ బిడ్డ తడిపిన వస్త్రములలో గడపిన గడియలు, ఆకలిగొన్న బిడ్డకు పెట్టిన అన్నము, బిడ్డకు జబ్బు చేసినపుడు పెట్టిన ఆక్రందనము - ఇవి అందలి విషయములు. కుమారుడు ఈ కష్టములను వరుసగా ఒప్పుకొనుచు, ఆ ఋణమునకై పిండము సమర్పించును. తల్లి చేసిన చిన్న చిన్న పనులను తలచుటయే మాతృస్మృతికి ప్రాణమను నెరుక మనకు పాశ్చాత్యులు నేర్పినది గాదని దీనివలన స్పష్టమగుచున్నది.

అయితే మాతృషోడశికి ఒక పరిమితి కలదు. అది తల్లులందరికిని చెల్లును. అందు పేరు మార్చిన చాలును. ఒకానొక తల్లి ఈ లోకమున ఎట్లు మెలగినదో అది చెప్పజాలదు. ఆ లోటును కావ్యము తీర్పవలెను. కావ్యమునకు ముందే కోనసీమ ప్రజలు కథారూపమున తీర్చుకొనినారని మేము తలచుచున్నాము.

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున మెట్టి, 1909లో గతించిరి. వైనతేయ తీరమున, లంకలను రేవులను దాటివచ్చు బాటసారులకు వేళ యనక అన్నము పెట్టిన ఇల్లాలు. ఆమెను గూర్చి జనులు చెప్పుకొను కథలలో మిక్కిలి ప్రసిద్ధమైన దొకటి. అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకై ఆమె బయలుదేరినదట. త్రోవలో ఒక కుటుంబమువారు ఆకలిగొన్న పిల్లలను ఓదార్చుచు, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని చెప్పుట ఆమె చెవిని బడినదట. అంతట యాత్ర మాని యింటికి మరలి, వారు వచ్చుసరికి వంట సిద్ధపరచినదట.

ఈ కథ చారిత్రక సత్యమా యని మేము విచారించుట లేదు. కావ్యదృష్టితోనే చూచుచున్నాము. ఇందు విశేషణము ఒక్కటియు లేదు. దయామయి యనిగాని, త్యాగమూర్తి యనిగాని అనలేదు. దైవదర్శనము కంటె పిల్లల ఆకలి ముందని ఆమె యెంచినట్లు ఒక్క మరలి వచ్చుటచేతనే తెలియుచున్నది. స్వభావము క్రియయందు వ్యక్తమగుట యనగా ఇదియే.

ఆమెనే 'అపర అన్నపూర్ణ' యని పిలిచినపుడు జరుగుచున్నదేమి? గౌరవము పెరుగుచున్నది, మనిషి మరుగుపడుచున్నది. అన్నపూర్ణకు అలసట లేదు, పొగకు కన్నులు మండుట లేదు, అర్ధరాత్రి తలుపు తట్టినపుడు నిద్ర లేవవలసిన పని లేదు. సీతమ్మగారికి ఇవి యన్నియు నుండెను. దేవతను చేసిన కొలది ఆమె చేసినది సులభమైనదిగా తోచును. గన్నవరము అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది. ఈ రెండవది ఉచితతర మని మా తలంపు. ఏలయన అది బిరుదమును గాక ఆమె చేసిన పనిని స్మరింపజేయుచున్నది.

ఆంగ్లమున విలియం కూపర్ కవి 1790లో తల్లి చిత్తరువును చూచి వ్రాసిన పద్యము ఇచట పోల్పదగినది. అతని కారవయేట తల్లి గతించినది. ఏబదేండ్లు దాటిన పిదప ఆమె పటము చేతికి వచ్చినది. అపుడు అతనికి గుర్తువచ్చినవి తల్లి సద్గుణముల పట్టిక గాదు. ఆమె చేతికిచ్చిన తినుబండారము, ఆమె వస్త్రముపై పూల యచ్చులను సూదితో కాగితముపై గ్రుచ్చుకొనిన యాట. గయలో శ్లోకము పఠించు కర్తయు, గన్నవరపు కథ చెప్పు వృద్ధుడును, ఈ యాంగ్లకవియు ఒకే మార్గమున నడచిరి. వీరిలో నెవరును మరియొకరిని చూచి నేర్చుకొనలేదు.

ఇచట మా స్వవిషయము కొంత చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. కొత్తపేట ప్రాంతమున నివసించిన మా తల్లిగారు గతించిన పిదప, సంవత్సరీకమునకు చదువుటకై మేము కొన్ని పద్యములు వ్రాసితిమి. యతిప్రాసలు చక్కగా కుదిరినవి. కరుణాంబుధి, సహనభూమి, అమృతహస్త యను పదములు వరుసగా వచ్చి కూర్చుండినవి. చదువుకొని చూడగా అవి యెవరి తల్లికైనను సరిపోవునట్లుండెను. ఆమె బియ్యము గిద్దెతో కొలిచిన పిదప, ఎవరైన వత్తురేమో యని మరియొక గుప్పెడు వేసెడిది. ఆ గుప్పెడు మా పద్యములలో ఎచటను లేదు. ఆమె పోయిన పిమ్మట మా యింట బియ్యము సరిగా కొలిచినంతయే పోయుచున్నారని గమనించిన దినముననే ఆమె లేనితనము మాకు తెలిసినది. ఆ పద్యములను మేము ప్రకటింపలేదు.

కావున మాతృస్మృతి కావ్యమును పరీక్షించుటకు ఒక సులభమైన గీటురాయిని సూచించుచున్నాము. ఆ కావ్యమునుండి విశేషణములను తొలగించి చూడవలెను. అపుడు ఒక తల్లి, ఆమె యిల్లు, ఆమె పని మిగిలినచో అది స్మృతికావ్యము. ఏమియు మిగులనిచో అది స్తోత్రము. స్తోత్రము నింద్యము గాదు. కాని అది పోయినవారిని తిరిగి మన కన్నుల యెదుట నిలుపజాలదు. భావకవితా యుగమునుండి నేటివరకు వెలువడిన మాతృస్మృతి రచనలను ఈ దృష్టితో మరల చదువవలసి యున్నది. పరిశోధక విద్యార్థులు ఆ పనికి పూనుకొన్నచో, గ్రంథములతోపాటు రేవులలోను అరుగులమీదను ఇంకను వినవచ్చు కథలను గూడ సేకరింపవలెను. చెప్పువారు వృద్ధులగుచున్నారు గనుక ఆ పని ఆలస్యము చేయదగినది గాదు.